డ్రాగన్ల దేశంలో ములాన్: మూడుసార్లు ఆడిన తరువాత

1998లో డిస్నీ సంస్థ విడుదల చేసిన 'ములాన్' యానిమేషన్ చిత్రాన్ని ఎన్నిసార్లు చూశానో నాకు లెక్క లేదు. తండ్రికి బదులుగా మగవేషంలో సైన్యంలో చేరే చైనా అమ్మాయి కథ అది. ఆ కథను 'ద ల్యాండ్ ఆఫ్ డ్రాగన్స్' అన్న పేరుతో ఒక లోకంగా చేర్చుకున్న 'కింగ్‌డమ్ హార్ట్స్ 2' వీడియో ఆటను మాత్రం సరిగ్గా మూడుసార్లు ఆడాను. మొదట ప్లేస్టేషన్ 2 మీద ఒకసారి, ఆ తరువాత 2017లో ప్లేస్టేషన్ 4 కోసం వచ్చిన సంకలనంలో రెండుసార్లు. చివరిసారి, అన్నిటికంటే కష్టమైన స్థాయి అయిన క్రిటికల్ మోడ్‌లో. మొదటిసారి ఈ లోకం నాకు నచ్చలేదు. ఇప్పుడు నచ్చుతోంది కానీ, అప్పుడు నచ్చకపోవడానికి ఉన్న కారణాల్లో చాలావరకు ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

సోరా అనే కుర్రవాడు డిస్నీ పాత్రలైన డొనాల్డ్ డక్, గూఫీలను వెంటబెట్టుకుని ఒక్కో డిస్నీ కథలోకి అడుగుపెట్టి, అక్కడి వారితో కలిసి హార్ట్‌లెస్ అనే చీకటి జీవులతో పోరాడటం ఈ ఆటలోని ఏర్పాటు. ములాన్ లోకంలో వీళ్లకు ఆమె వెదురు తోపులో, మగవేషంలో, పింగ్ అనే మారుపేరుతో ఎదురవుతుంది. అంటే చిత్రంలో అంతకు ముందు జరిగినదేదీ ఇందులో లేదు: పెళ్లిళ్ల పేరమ్మ ఎదుట జరిగిన అవమానం లేదు, కాలు కుంటుతూనే సైన్యానికి బయలుదేరబోయిన తండ్రి లేడు, రాత్రివేళ కత్తితో జుట్టు కోసుకునే ఘట్టం లేదు. ఈ కథకు మూలమైన పాత చైనా గాథాగేయం కూడా మగ్గం ముందు కూర్చున్న ములాన్ నిట్టూర్పుతోనే మొదలవుతుంది; సైన్యంలో చేరవలసిన వారి జాబితాలో తండ్రి పేరు ఉండటమే ఆ నిట్టూర్పుకు కారణం. ఆ తండ్రినే తీసేస్తే ఆమె సాహసం ఉద్యోగప్రయత్నంలా కనిపిస్తుంది. చిత్రం చూడకుండా నేరుగా ఆట మొదలుపెట్టినవారికి ఈ అమ్మాయి మగవేషం ఎందుకు వేసిందో మనసుకు పట్టదని నా అభిప్రాయం.

శిబిరంలో కెప్టెన్ షాంగ్ అప్పగించే పనులు మొదటి రెండుసార్లు విసుగు పుట్టించాయి. పోరాటం సాగుతున్నంతసేపూ సైనికుల ధైర్యాన్ని చూపే కొలమానం ఒకటి తెర మీద ఉంటుంది. శత్రువులను కొట్టినప్పుడు రాలే గోళాలను ఏరుకుంటూ దాన్ని నిలబెట్టుకోవాలి, అది అడుగంటితే పని విఫలమైనట్టే. తప్పించుకోవడం, కాచుకోవడం తెలిసిన ఆటగాడు కూడా గోళాల కోసం పరుగెత్తక తప్పదు. మూడోసారి ఆడుతున్నప్పుడే, షాంగ్ మెప్పు కోసం పింగ్ పడే తాపత్రయాన్ని నా చేతివేళ్లకు ఎక్కించడానికే ఈ ఏర్పాటు చేశారేమో అనిపించింది. రూపకర్తల ఉద్దేశం అదేనో కాదో గానీ, ఆ తరువాత విసుగు తగ్గింది.

కొండదారి, గుహ, తగలబడిన పల్లె త్వరగానే ముగుస్తాయి. మంచుశిఖరం దగ్గర ఆగి మాట్లాడాలి. చిత్రంలో చైనా మీదకు దండెత్తిన హూణుల గుర్రపుదండు మంచువాలు మీద విరుచుకుపడే దృశ్యం కోసం చిత్రబృందం ప్రత్యేకంగా ఒక కంప్యూటర్ ప్రోగ్రామ్ తయారు చేసుకుంది. వేలమంది రౌతులు ఒక్కసారిగా అంచు మీద కనిపించే ఆ క్షణం నన్ను ఇప్పటికీ భయపెడుతుంది. ఆటలో గుర్రాల బదులు ర్యాపిడ్ థ్రస్టర్లనే చిన్న ఎగిరే హార్ట్‌లెస్‌లు గుంపులు గుంపులుగా మీదపడతాయి. భయం వేయదు కానీ, ఆటగా చూస్తే ఈ లోకంలోకెల్లా ఉత్తమమైన ఘట్టం ఇదే: ట్రయాంగిల్ బటన్‌ను సమయానికి నొక్కితే గుంపు మధ్యనుంచి సోరా దూసుకుపోతాడు, ఎంతమంది రాలిపోయారో లెక్కపెట్టే తీరిక కూడా ఉండదు. ఆ వెంటనే చిత్రంలో లాగే బాణసంచా రాకెట్, హిమపాతం.

ఆమె గుట్టు బయటపడే తీరు మాత్రం తేలిపోయింది. చిత్రంలో గాయం, వైద్యుడు, షాంగ్ ఎత్తిన కత్తి, ఆ తరువాతి నిశ్శబ్దం ఉన్నాయి. ఆటలో నాలుగు మాటలతో ముగించారు. రాజధానిదీ అదే లోపం. చిత్రంలో రాజభవనం ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. ఆటలో అదే చౌకు ఖాళీగా పడి ఉంటుంది, చక్రవర్తి ఎవరిని ఏలుతున్నాడో తెలియదు. భవనద్వారం దగ్గర హూణుల నాయకుడు షాన్ యూతో జరిగే పోరాటంలో అతనితో తలపడుతూనే ద్వారాన్నీ కాపాడవలసి రావడం కొంత ఊరట. ఆటలో తరువాత ఈ లోకానికి రెండోసారి తిరిగి వచ్చినప్పుడు ఎదురయ్యే స్టార్మ్ రైడర్ అనే ఎగిరే డ్రాగన్ పోరాటం కంటికి ఇంపుగా ఉంటుంది, కెమెరా మాత్రం దానితో సమానంగా తిరగలేదు.

యోకో షిమోమురా సంగీతం గురించి ఫిర్యాదు లేదు. ములాన్‌కు ఇంగ్లీషులో, చిత్రంలో లాగే, మింగ్-నా వెన్ గొంతే వినిపించడం నాకు పెద్ద తృప్తి. ములాన్ వెంట ఉండే చిన్న డ్రాగన్ ముషూకు చిత్రంలో ఎడ్డీ మర్ఫీ గొంతు. ఆటలో వేరొకరిది, ఆ తేడా నా చెవికి తెలుస్తూనే ఉంటుంది. అన్నట్టు 2002 నాటి మొదటి ఆటలో ములాన్ లేకుండానే ముషూ పిలిస్తే వచ్చే సహాయకుడిగా ఉన్నాడు; యజమానురాలికంటే ముందు వచ్చిన సేవకుడన్నమాట.

ములాన్‌ను జట్టులో చేర్చుకోవాలంటే డొనాల్డ్‌నో గూఫీనో పక్కన పెట్టాలి. వైద్యం చేస్తాడని చాలామంది డొనాల్డ్‌ను వదులుకోరు. నేను కూడా గూఫీనే దింపేస్తాను. గుట్టు బయటపడిన తరువాత జట్టు పట్టికలో పింగ్ అన్న పేరు పోయి ములాన్ అని కనిపిస్తుంది. ఎవరూ ప్రకటించరు, సంగీతం మారదు, మెనూ తెరిచినవారికే తెలుస్తుంది. మొదటి రెండుసార్లు నేను దాన్ని గమనించనే లేదు.