వైపీపీయా, యూఎన్ వాలంటీరా?

ఐక్యరాజ్యసమితిలో అడుగుపెట్టాలనుకునే కుర్రకారుకు ఎక్కువగా కనిపించే దారులు రెండు.

యంగ్ ప్రొఫెషనల్స్ ప్రోగ్రామ్ (వైపీపీ) అంటే పోటీ పరీక్ష. డిగ్రీ ఉండాలి, వయసు 32 దాటకూడదు, ఆ ఏడాది పాల్గొనే దేశాల జాబితాలో మీ దేశం ఉండాలి. అందుకే ముందు చూడాల్సింది సిలబస్ కాదు, ఆ జాబితా. రాతపరీక్ష, ఇంటర్వ్యూ గట్టెక్కినా పేరు రోస్టర్‌లోకి, అంటే ఎంపికకు అర్హులైనవారి జాబితాలోకి వెళ్తుందంతే. పోస్టు ఖాళీ అయ్యేదాకా ఎదురుచూపులే.

వాలంటీర్‌కు పరీక్ష బెడద తక్కువ. 18 నుంచి 26 ఏళ్లవారికి యూత్ కేటగిరీ ఉంది. జీతం ఉండదు, జీవన భత్యం ఇస్తారు. గడువు తీరాక ఉద్యోగమిస్తారన్న హామీ లేదు, కానీ క్షేత్ర అనుభవం చేతికొస్తుంది. అనుభవం బొత్తిగా లేనివారికి నా ఓటు దీనికే.

రెంటిలోనూ దెబ్బతినేది ఒకచోటే: దరఖాస్తులో రాసే వాక్యం. ‘శిక్షణ కార్యక్రమాల్లో పాల్గొన్నాను’ అంటే మీరేం చేశారో తెలియదు. ‘40 మందికి 6 వారాల శిక్షణ రూపొందించి, హాజరు పడిపోతుంటే వేళలు మార్చాను’ అంటే ఇంటర్వ్యూలో అడగడానికీ సరుకుంటుంది. అన్నట్టు, ఏ దశలోనైనా రుసుము అడిగారంటే అది మోసమే.