ఒకే సర్వరా, స్టాండ్‌బైనా, రెండు చోట్లా నడపడమా: ఏది మేలు?

"సాఫ్ట్‌వేర్ అస్సలు ఆగకూడదు" అనని యజమాని ఉండడు. రెండో సర్వర్‌కి కొటేషన్ చేతికొచ్చాక మాత్రం "అంత అవసరమా?" అంటారు. ఆ ప్రశ్న సబబే. జవాబు చెప్పాలంటే ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి: ఎంతసేపు ఆగితే వ్యాపారం తట్టుకుంటుంది, ఆగినప్పుడు చివరి ఎన్ని నిమిషాల ఎంట్రీలు పోతే మళ్ళీ కొట్టుకోగలం. ఈ రెండూ తేలకుండా క్లస్టర్ల (కలిసి ఒకటిగా పనిచేసే సర్వర్ల గుంపుల) గురించి మాట్లాడటం దండగ.

ఉదాహరణకి ఒక మందుల డిస్ట్రిబ్యూటర్‌ని తీసుకుందాం. హైదరాబాద్, విజయవాడ, వైజాగ్‌లలో గోడౌన్లు, అన్నిటికీ కలిపి ఒకే బిల్లింగ్, స్టాక్ అప్లికేషన్, వెనకాల ఆ లెక్కలన్నీ దాచే పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్. 99.9 శాతం అందుబాటు అంటే వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది గానీ, ఏడాదికి 8 గంటల 45 నిమిషాలు ఆగొచ్చని దాని అర్థం. 99.99 అయితే 52 నిమిషాలు. ఆ 8 గంటలూ ఆదివారం రాత్రుళ్ళు ఆగితే ఎవరికీ పట్టదు. 11వ తేదీ మధ్యాహ్నం, జీఎస్‌టీఆర్-1 (నెల అమ్మకాల జీఎస్‌టీ రిటర్న్) ఫైల్ చేసే హడావుడిలో ఒక్క గంట ఆగితే అకౌంట్స్ సెక్షన్ మొత్తం మీ సీటు చుట్టూ ఉంటుంది.

మొదటి దారి ఒకే సర్వర్, మంచి బ్యాకప్. దీన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు, నేను చూడను. అర్ధరాత్రి 2 గంటలకి బ్యాకప్ తీసి సాయంత్రం 5కి డిస్క్ పోతే 15 గంటల పని గోవిందా, నిజమే. కానీ ప్రతి మార్పునీ రాసిపెట్టుకునే పోస్ట్‌గ్రెస్ లాగ్‌ని నిమిషానికోసారి వేరే చోటికి పంపేలా పెట్టుకుంటే పోయేది ఒకటి రెండు నిమిషాల ఎంట్రీలే. అసలు చిక్కు రిస్టోర్‌కి పట్టే టైముది. 500 జీబీ డేటాబేస్‌ని కొత్త మెషీన్ మీదికి తెచ్చి, లాగ్‌లలోని మార్పులన్నీ మళ్ళీ వేయించి, అప్లికేషన్ లేపేసరికి పూట గడిచిపోవచ్చు. ఆ పూట ఆగినా పర్వాలేదనుకునే వ్యాపారానికి ఇదే చాలు, మిగతా డబ్బు ఇంకో దానికి వాడుకోండి.

కాకపోతే బ్యాకప్ ఉందనుకోవడం వేరు, ఉండటం వేరు. 2017 జనవరి 31న ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ కంపెనీలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్ సర్వర్‌లోనే ఫోల్డర్ చెరిపేశాడు. తీరా చూస్తే బ్యాకప్, రెప్లికేషన్ (ఇంకో సర్వర్‌కి ఎప్పటికప్పుడు కాపీ) కలిపి పెట్టుకున్న 5 పద్ధతుల్లో ఒక్కటీ సరిగ్గా పనిచేయడం లేదు. అంతకు 6 గంటల ముందు ఎవరో చేత్తో తీసిన స్నాప్‌షాట్ (ఆ క్షణానికి డేటా ఉన్నదున్నట్టు తీసిన కాపీ) వాళ్ళని కాపాడింది, ఆ 6 గంటల డేటా మాత్రం పోయింది. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్ దగ్గర సర్వర్లు అద్దెకిచ్చే ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటర్ తగలబడినప్పుడు బ్యాకప్ కూడా ఆ ఆవరణలోనే ఉన్నవాళ్ళు రెండూ పోగొట్టుకున్నారు.

రెండో దారి స్టాండ్‌బై. ఒక డేటాబేస్ పనిచేస్తుంటుంది, ఇంకొకటి దాని రాతలన్నీ అప్పటికప్పుడు కాపీ చేసుకుంటూ కాచుకుని ఉంటుంది. మన ఉదాహరణలోని డిస్ట్రిబ్యూటర్‌కి నా ఓటు దీనికే. సర్వర్లు అద్దెకిచ్చే అమెజాన్ క్లౌడ్‌కి ముంబైలో 2016 నుంచీ, హైదరాబాద్‌లో 2022 నవంబర్ నుంచీ రీజియన్లు (డేటా సెంటర్ల గుంపులు) ఉన్నాయి. ఒక్కో దాంట్లో విడివిడి కరెంటు, విడివిడి బిల్డింగులతో మూడేసి జోన్లు. ఒకే రీజియన్‌లో రెండు జోన్లు తీసుకుని, రెండో చోట కూడా రాత పడ్డాకే "సేవ్ అయింది" అని చెప్పే పద్ధతి పెట్టుకుంటే బిల్లు పోయే ప్రమాదం దాదాపు లేనట్టే. డేటాబేస్ నడిపే పని అమెజానే చూసుకునే మేనేజ్డ్ సర్వీసు ఆర్‌డీఎస్‌లో ఇలాంటి జోడీ ఒకటి నుంచి రెండు నిమిషాల్లో మారుతుందని అమెజాన్ చెబుతుంది.

అదే, స్టాండ్‌బైకి మార్చే పని చేసే పాట్రోనీ అనే టూల్ సొంతంగా పెట్టుకుని నడుపుకుంటే ఖర్చు తగ్గుతుంది, టెన్షన్ పెరుగుతుంది. ఎవరు పెద్దో, అంటే ఏ సర్వర్ రాతలు తీసుకోవాలో తేల్చడానికి కనీసం మూడు ఓట్లు కావాలి, అందుకే దాని వెనక ఆ ఓట్లు చూసుకునే ఎట్‌సీడీ అనే ప్రోగ్రామ్ మూడు మెషీన్ల మీద ఉంటుంది. "రెండు సర్వర్లున్నాయిగా, మూడోదెందుకు దండగ" అని దాన్ని కోసేసే వాళ్ళుంటారు. మధ్యలో నెట్‌వర్క్ తెగితే ఎదుటిది చచ్చిందో, మన వైరే తెగిందో రెండింటికీ తెలీదు; ఎవరికి వారు నేనే పెద్ద అనుకుని బిల్లులు రాసేసుకుంటే, తర్వాత ఆ రెండు చిట్టాలు కలపడానికి ఏ టూలూ రాదు, మనుషులే కూర్చోవాలి. చూసుకునేందుకు మనిషి లేని చోట మేనేజ్డ్ సర్వీసే తీసుకోండి, డబ్బు దగ్గర మొహమాటపడకండి.

ఎవరూ ముందు చెప్పని సంగతి ఒకటుంది. డేటాబేస్ నిమిషంలో మారిపోయినా అప్లికేషన్ పావుగంట ఉలుకూ పలుకూ లేకుండా ఉండొచ్చు. కనెక్షన్ పూల్‌లో (అప్లికేషన్ ముందే తెరిచి పెట్టుకునే డేటాబేస్ కనెక్షన్లలో) ఉన్నవన్నీ చచ్చిన సర్వర్‌కి పట్టుకున్న తీగలే. సర్వర్‌ని నడిపే లినక్స్, మామూలు సెట్టింగులతో, పంపిన ప్యాకెట్‌కి జవాబు రాకపోతే మళ్ళీ మళ్ళీ పంపుతూ సుమారు 15 నిమిషాల దాకా ఆశ వదలదు. ఊరికే ఉన్న కనెక్షన్ అయితే, కీప్‌అలైవ్ పెట్టుకున్నా సరే, అవతల ఎవరైనా ఉన్నారా అని మొదటిసారి పలకరించడానికే 2 గంటలు తీసుకుంటుంది. ఈ రెండు అంకెలూ సెకన్లలోకి దించాలి, డేటాబేస్‌తో మాట్లాడే డ్రైవర్‌లో టైమవుట్ (ఎంతసేపు ఆగాలో హద్దు) పెట్టాలి, సర్వర్ పేరుకి పాత అడ్రస్‌నే గుర్తుపెట్టుకునే జావా అలవాటునీ తగ్గించాలి. ఇవి చెయ్యకుండా రెట్టింపు అద్దె కట్టడం వృథా. అన్నట్టు, కొన్ని ప్యాకేజీల లైసెన్స్ కీ ఒక మెషీన్‌కే ముడిపడి ఉంటుంది. రెండో మెషీన్ మీద అది లేస్తుందో లేదో కొనేముందే అడగండి.

స్టాండ్‌బై ఉంది కదా అని బ్యాకప్ మానెయ్యకూడదు. ఏవి చెరపాలో చెప్పే కండిషన్ మర్చిపోయి కొట్టిన ఒక డిలీట్ కమాండ్‌ని స్టాండ్‌బై కూడా కన్ను మూసి తెరిచేలోగా భక్తిగా పాటిస్తుంది.

మూడో దారి, రెండు చోట్లా ఒకేసారి రాయడం. సేల్స్ వాళ్ళ స్లైడుల్లో ఎప్పుడూ ఇదే అందంగా ఉంటుంది. అప్లికేషన్ సర్వర్ల వరకూ అయితే కళ్ళు మూసుకుని చెయ్యండి: లాగిన్ సెషన్లు సర్వర్‌లో దాచుకోకుండా బయట పెడితే, పనిని సర్వర్ల మధ్య పంచే లోడ్ బ్యాలెన్సర్ వెనక రెండు మూడు పెట్టుకోవడం పెద్ద పనే కాదు, ఏ దారిలో ఉన్నా చెయ్యాల్సిందే. తంటా అంతా డేటా దగ్గర. గోడౌన్‌లో ఇన్సులిన్ పెట్టెలు ఆఖరి 10 ఉన్నాయి, ముంబై కాపీ నుంచి ఒకరు, హైదరాబాద్ కాపీ నుంచి ఇంకొకరు అదే క్షణంలో పదీ అమ్మేశారు. చివర రాసినదే నెగ్గుతుందనే రూలు పెడితే ఒక అమ్మకం నిశ్శబ్దంగా మాయం. జీఎస్‌టీ ఇన్వాయిస్ నంబరూ అంతే, వరుసగా ఉండాలి, ఆ ఆర్థిక సంవత్సరంలో మళ్ళీ రాకూడదు, 16 అక్షరాలు దాటకూడదు. ఒకటి కంటే ఎక్కువ సిరీస్‌లు వాడుకోవచ్చు కాబట్టి సైటుకో సిరీస్ ఇస్తే నంబర్ల గొడవ తీరుతుంది. స్టాక్ గొడవ తీరదు.

పోనీ రెండు ఊళ్ళూ ఒకరినొకరు అడిగి రాయనీ అంటారా? ముంబై, హైదరాబాద్‌ల మధ్య గాల్లో కొలిచినా 600 కిలోమీటర్ల పైనే. ఫైబర్‌లో వెలుతురు వెళ్ళి రావడానికే 6 మిల్లీసెకన్లు. ఒక బిల్లుకి తెలీదు. ఒకదాని తర్వాత ఒకటిగా 10,000 ఎంట్రీలు పడే నెలాఖరు పనికి అదనంగా నిమిషం, అదీ దారంతా ఖాళీగా ఉంటేనే.

దూరంగా ఉన్న సైటుకి ఆటోమేటిక్‌గా మారడం కూడా కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు కావచ్చు. 2018 అక్టోబర్ 21న కోడ్ దాచిపెట్టే మరో కంపెనీ గిట్‌హబ్‌కి అమెరికా తూర్పు తీరంలో నెట్‌వర్క్ తెగింది 43 సెకన్లే. ఈలోపు సర్వర్లని ఆటోమేటిక్‌గా మార్చే టూల్ తన పని తాను చేసి పశ్చిమ తీరంలోని డేటాబేస్‌ని పెద్దని చేసేసింది. రెండు తీరాల్లోనూ ఒకదాంట్లో లేని రాతలు ఇంకోదాంట్లో మిగిలాయి. డేటా పోగొట్టుకోవడం కంటే ఆలస్యమే నయమనుకుని వాళ్ళు సర్దుకునేసరికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. అందుకే ఒకే ఊళ్ళో జోన్ల మధ్య మార్పు మెషీన్‌కి వదిలేస్తాను, ఊరు మార్చే నిర్ణయం మాత్రం మనిషే తీసుకోవాలంటాను. అతని ఫోన్ నంబరు, అతను సెలవులో ఉంటే ఇంకొకరి నంబరు రాసిపెట్టుకోవాలి.

మూడో దారి పనికిరాదని కాదు. కేటలాగ్ చూడటం, ఆర్డర్ తీసుకుని క్యూలో పెట్టుకోవడం లాంటివి రెండు చోట్లా హాయిగా నడుస్తాయి. ఆర్డర్ తీసుకోవడం ఒకటి, స్టాక్ తగ్గించడం ఒకటిగా విడగొట్టగలిగితే సగం లాభం అక్కడే వస్తుంది, ఖర్చు పావు వంతు కూడా ఉండదు.

ఇంకో చిన్న సంగతి. టర్నోవర్ 5 కోట్లు దాటిన వాళ్ళు వ్యాపారుల మధ్య బిల్లులకి ప్రభుత్వ పోర్టల్ నుంచి ఐఆర్‌ఎన్ అనే నంబరు తీసుకోవాల్సిందే. మీ దగ్గర మూడు జోన్లున్నా ఆ పోర్టల్ పలకకపోతే లారీ కదలదు. కాబట్టి పోర్టల్ కోసం స్క్రీన్ గిరగిరా తిరుగుతూ ఆగిపోకుండా, బిల్లు సేవ్ చేసుకుని పోర్టల్ లేచాక నంబరు తెచ్చుకునేలా రాయించండి. దీనికి రెండో సర్వర్ అక్కర్లేదు, మంచి డెవలపర్ వారం రోజుల పని.