లాలాజల గ్రంథి కణితికి స్లైడ్ రివ్యూ: ఒక పాథాలజీ విభాగం సేవపై సమీక్ష

మా అక్కయ్యకు చెవి ముందు, పరోటిడ్ గ్రంథిలో వచ్చిన కణితిని ఆపరేషన్ చేసి తీసిన తరువాత, మా ఊరి ల్యాబ్ దానిని ఎసినిక్ సెల్ కార్సినోమాగా, అంటే లాలాజలాన్ని తయారుచేసే ఎసినిక్ కణాలను పోలిన కణాలున్న క్యాన్సర్‌గా నిర్ధారించింది. రేడియేషన్ అవసరమా కాదా అన్నది తేల్చే ముందు కణితి ముక్కల స్లైడ్లను తల, మెడ క్యాన్సర్లలో అనుభవం ఉన్న పాథాలజిస్టుకు (కణజాలాన్ని సూక్ష్మదర్శినిలో చూసి జబ్బును తేల్చే డాక్టరుకు) చూపించమని సర్జన్ గారే సూచించడంతో, హైదరాబాద్‌లోని ఒక క్యాన్సర్ ఆసుపత్రి పాథాలజీ విభాగాన్ని ఆశ్రయించాము.

ఇటువంటి రివ్యూ వృథా ఖర్చు అనుకునేవారు ఒక్క విషయం గమనించాలి. లాలాజల గ్రంథుల కణితుల్లో ఎక్కువ భాగం ప్లియోమార్ఫిక్ అడినోమా వంటి క్యాన్సర్ కానివే. క్యాన్సర్లు సంఖ్యలో తక్కువైనా రకాల్లో ఇరవైకి పైగా ఉన్నాయి కాబట్టి, చిన్న ల్యాబ్‌లో పనిచేసే పాథాలజిస్టుకు వాటిలో కొన్ని ఏళ్ల తరబడి ఎదురుపడకపోవచ్చు. పైగా సెక్రీటరీ (స్రావక) కార్సినోమా అనే రకాన్ని 2010లో అలెనా స్కాలోవా బృందం వేరుచేసి చూపేవరకు, అటువంటి కణితుల్లో చాలావాటిని ఎసినిక్ సెల్ కార్సినోమాగానే లెక్కించేవారు.

మా అక్కయ్యకు వచ్చింది ఈ సెక్రీటరీ కార్సినోమాయేనని ఈ విభాగం తేల్చింది. రిపోర్టులో నాకు బాగా నచ్చినది, పేరు మార్చి ఊరుకోకుండా అందుకు కారణాలను వరుసగా రాయడం: ఎసినిక్ కణాల్లో ఉండే జైమోజెన్ రేణువులు (ఎంజైములు నిల్వ ఉండే రేణువులు) కనబడలేదు, కణాల్లోని ప్రోటీన్లను రంగుతో గుర్తించే పరీక్షల్లో ఎస్100, మామాగ్లోబిన్ రెండూ పాజిటివ్, డాగ్1 నెగటివ్. ఈటీవీ6 జన్యువు తెగి మరోచోట అతుక్కుందని ఫిష్ పరీక్ష (మెరిసే రంగులతో జన్యువుల మార్పును చూపే పరీక్ష) ఆపై నిర్ధారించింది. ఈ కణితుల్లో అది సాధారణంగా ఎన్‌టీఆర్‌కే3 జన్యువుతో కలుస్తుందని, ఆ కలయిక ఉన్నట్లు రుజువైతే, ఎప్పుడైనా వ్యాధి తిరగబెట్టినా పాకినా ఆ కలయికనే గురిచూసి పనిచేసే లారోట్రెక్టినిబ్ వంటి మందులకు అవకాశం ఉంటుందని డాక్టరు గారు అక్కయ్యకు తెలుగులో, తొందరపడకుండా వివరించారు. కణితి అంచులు, నరాల వెంబడి వ్యాప్తి, హై గ్రేడ్ మార్పు (కణితి మరింత ఉధృతంగా మారడం) ఉన్నదీ లేనిదీ కూడా విడివిడిగా రాశారు. రేడియేషన్ నిర్ణయానికి సర్జన్ గారు ముందుగా చూసినవి అవే.

లోపాలు కౌంటర్ దగ్గరే ఉన్నాయి. కొత్త పరీక్షలకు మైనపు బ్లాకులు (కణితి ముక్కలను మైనంలో భద్రపరచిన దిమ్మెలు) తప్పనిసరి అయినా ఆ మాట ఫోనులో చెప్పలేదు, వాటికోసం మళ్లీ ఊరికి వెళ్లవలసి వచ్చింది. ఫిష్ పరీక్షను బయటి ల్యాబ్‌కు పంపుతారని, దాని రుసుము వేరని కూడా ముందుగా తెలియజేయలేదు. ఆరోగ్యంతో పాటు డబ్బు గురించీ ఆందోళన పడే కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు, తప్పక సరిదిద్దుకోవాలి.

వెళ్లదలచినవారు స్లైడ్లు, బ్లాకులు, మొదటి బయాప్సీ రిపోర్టు, ఆపరేషన్ నోట్స్, స్కాన్ రిపోర్టు అన్నీ కలిపి తీసుకువెళ్లండి. బ్లాకులు అప్పగించినట్లు రసీదు అడిగి తీసుకోండి, ఎందుకంటే మున్ముందు ఏ జన్యు పరీక్ష చేయవలసి వచ్చినా అవే ఆధారం.