రిషికేశ్ టీటీసీ, ఎనర్జీ, కోర్ వర్క్‌షాపులు: నాలుగేళ్లు క్లాసులు చెప్పాక నా రివ్యూ

రిషికేశ్‌లో 200 గంటల యోగా టీచర్ ట్రైనింగ్ కోర్సు (టీటీసీ) చేసి నాలుగేళ్లు దాటింది. అప్పటి నుంచి కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో పొద్దున పూట బ్యాచ్‌లు నడుపుతున్నాను. కోర్సు అయిన వారానికే రాసే రివ్యూల్లో గంగా హారతి, గురువుగారి చిరునవ్వు తప్ప ఏమీ ఉండవు. ఏది పనికొచ్చిందో తెలియాలంటే మన ముందు పదిమంది మ్యాట్లు పరుచుకుని కూర్చోవాల్సిందే.

ఈ 200 గంటల లెక్క అమెరికాలోని యోగా అలయన్స్‌ది. అది స్కూళ్లనూ టీచర్లనూ రిజిస్టర్ చేసుకుంటుంది తప్ప మనకు పరీక్ష పెట్టదు. రిషికేశ్‌లోని తపోవన్‌లో నెల రోజులు, వసతి, భోజనం కలిపి లక్ష దాటింది. ఆసనాలు నేర్పడంలో వంక పెట్టలేను. లోటల్లా మనచేత పాఠం చెప్పించడంలోనే. బ్యాచ్ పెద్దది కావడంతో మనిషికి పావుగంట దక్కింది, అదీ తోటి విద్యార్థుల ముందు. వాళ్లకు మనం ‘కుడికాలు’ అనకముందే కుడికాలు లేస్తుంది. మోకాళ్ల నొప్పులున్న ఆంటీకి వీరభద్రాసనం ఎలా చెప్పాలో అక్కడెవరూ చెప్పలేదు. అనాటమీ క్లాసంటే స్లైడ్లు చదవడమే. తిండి సాత్వికం, అంటే రోజూ కిచిడీ. ఆవకాయ సీసా తెచ్చుకున్న అమ్మాయికి ఉన్న డిమాండ్ గురువుగారికి కూడా లేదు.

నాకు నిజంగా అన్నం పెడుతున్నది ఆ తర్వాత హైదరాబాద్‌లో ఒక ఫిజియోథెరపిస్ట్ దగ్గర చేసిన కోర్ వర్క్‌షాప్. కోర్ అనగానే జనం సిక్స్‌ప్యాక్ అనుకుంటారు. పైన ఊపిరితిత్తుల కింద ఉండే శ్వాస కండరం డయాఫ్రమ్, కింద కటి అడుగున ఉండే కండరాలు (పెల్విక్ ఫ్లోర్, ఇకపై కటి కండరాలు), చుట్టూ నడికట్టులా బిగిసే పొట్ట లోపలి పొర, వెనక వెన్నుపూసల్ని పట్టి ఉంచే చిన్న కండరాలు, ఇవన్నీ కలిస్తేనే కోర్. ఆవిడ మొదట అందరినీ వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు మడిపించి, తల కొంచెం ఎత్తమన్నారు. ఇద్దరు ముగ్గురికి బొడ్డు పైనా కిందా మధ్యలో గట్టులాగా లేచింది. కాన్పుల తర్వాత పొట్ట కండరాలు మధ్యలో విడిపోయి కలవకపోతే అలా లేస్తుందట. అలాంటివాళ్లతో నౌకాసనం, క్రంచెస్ చేయిస్తే గట్టు ఇంకా పెరగొచ్చు. ఇప్పుడు నా క్లాసులో కొత్తగా ఎవరు చేరినా ముందు ఈ పరీక్షే. తర్వాత ‘స్స్స్’ అని మెల్లగా ఊపిరి వదలమంటాను, పొట్ట దానంతటదే లోపలికి బిగుస్తుంది. ఫలకాసనం (ప్లాంక్) దాకా రావడానికి కొందరికి నెలలు పడుతుంది, పడనివ్వండి.

ఎనర్జీ వర్క్‌షాపులు, అంటే చక్రాలు, ప్రాణశక్తి మీద నడిపేవి, రెండు చేశాను. మొదటిదానికి కట్టిన డబ్బు దండగ. రాళ్లు, గిన్నెల మోత, చక్రానికో రంగు చొప్పున ఇంద్రధనుస్సు. ఆ ఇంద్రధనుస్సు వరస పోయిన శతాబ్దంలో పాశ్చాత్య దేశాల్లో పుట్టింది. షట్చక్రనిరూపణం అనే పాత తంత్ర గ్రంథంలో బొడ్డు దగ్గరి మణిపూర చక్రానిది మేఘవర్ణం, గుండె దగ్గరి అనాహతానిది మంకెన పువ్వు ఎరుపు. ఇదేంటని అడిగితే ‘మీరు తర్కం వదిలేయాలి’ అన్నారు. నేను ఆ హాలు వదిలేశాను.

రెండోది బంధాలు (కొన్ని కండరాలను బిగించి పట్టే పద్ధతులు), ప్రాణాయామం మీద. అక్కడి మాస్టారు మొదలుపెట్టే ముందే బీపీ, హెర్నియా, గ్లాకోమా, గర్భం గురించి ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి అడిగారు. పొట్టను లోపలికి, పైకి లాగే ఉడ్డియాన బంధం ఖాళీ కడుపుతోనే, ఊపిరి పూర్తిగా వదిలాకే. కిందికి పోయే ప్రాణశక్తిని, అంటే అపానాన్ని, కటి కండరాలను బిగించే మూలబంధంతో పైకి తేవాలని హఠయోగ గ్రంథాలు చెబుతాయి. ఊపిరి వదులుతుంటే డయాఫ్రమ్ పైకి పోతుంది, దాంతోపాటు కటి కండరాలూ పైకి లేస్తాయి. కోర్ వర్క్‌షాప్‌లో నేర్చుకున్నదీ ఇదీ ఒకే చోట కలిశాయి. నిదానంగా ఊపిరి వదిలితే గుండె వేగం తగ్గుతుంది కాబట్టి, టెన్షన్‌తో వచ్చే సాఫ్ట్‌వేర్ పిల్లలకు ముందు అదే చేయిస్తున్నాను. కటి కండరాలు అసలే బిగుసుకుపోయి ఉన్నవాళ్లతో మాత్రం మూలబంధం చేయించను, వాళ్లకు వదులు చేయడం నేర్పాలి.

చేరబోయేవాళ్లు డబ్బు కట్టేముందు బ్యాచ్‌లో ఎంతమంది, నాతో ఎన్నిసార్లు పాఠం చెప్పిస్తారు అని అడగండి. ఇక్కడే ఉద్యోగం చూసుకునేవాళ్లయితే ఆయుష్ శాఖ కింద ఉన్న యోగా సర్టిఫికేషన్ బోర్డు పరీక్ష రాయడం మేలు. లెవెల్ 1కి కూడా 200 గంటల సిలబస్సే, ప్రాక్టికల్‌లో పాఠం చెప్పే తీరుకూ మార్కులుంటాయి. రిషికేశ్‌కు వెళ్లాలనే ఉంటే వెళ్లండి, చలికాలమైతే మాత్రం గదిలో వేడినీళ్లు వస్తాయో లేదో కనుక్కోండి.