గుహ డైవింగ్‌లో రెండో వింగ్ అవసరమా? మూడు పరికరాలపై ఒక సమీక్ష

నీళ్లు నిండిన గుహలో డైవర్‌ను అడుగుకూ కప్పుకూ మధ్య నిలిపి ఉంచేది వీపున కట్టుకునే వింగ్ అనే గాలి సంచి. సముద్రంలో అది చిరిగితే బరువులు వదిలేసి పైకి వచ్చేయవచ్చు గానీ, గుహలో తలపైన రాయి ఉంటుంది కనుక ఆ దారి మూసుకుపోయినట్టే. కిందికి జారుతున్న శరీరాన్ని కాళ్లు ఆడిస్తూ నిలబెట్టుకోబోతే అడుగున పేరుకున్న ఒండ్రు లేచి, బయటికి దారి చూపే గైడ్‌లైన్ సైతం కనబడకుండా పోతుంది. ఇందుకోసం డైవర్లు ఎంచుకునే రెండో ఆధారాలు ప్రధానంగా మూడు: రెండు బ్లాడర్ల (లోపలి గాలి సంచుల) వింగ్, నీరు లోపలికి రానివ్వక గాలి నింపుకోగలిగే డ్రైసూట్, గాలి నింపి చేత్తో పట్టుకునే లిఫ్ట్ బ్యాగ్. ఫ్లోరిడా నీటి బుగ్గల్లోనూ మెక్సికోలోని యుకటాన్ సెనోటేలలోనూ (సున్నపురాయి కప్పు కూలి ఏర్పడిన నీటి గుంతలు) వీటిని వాడిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను.

ఏది కొనాలో తేల్చుకునే ముందు, వింగ్ పోతే ఎన్ని కిలోల భారం మీద పడుతుందో లెక్క వేసుకోవాలి. 12 లీటర్ల సిలిండర్లు రెండింటిని 200 బార్ పీడనం వరకు నింపితే అందులోని గాలి బరువే దాదాపు 6 కిలోలు ఉంటుంది. దీనికి తోడు, 7 మిల్లీమీటర్ల వెట్‌సూట్ (నురుగు రబ్బరు డైవింగ్ దుస్తు) 30 మీటర్ల లోతులో పీడనానికి నలిగి, తన తేలే బలంలో సగానికి పైగా కోల్పోతుంది. ఉక్కు సిలిండర్లతో మందపాటి వెట్‌సూట్ వేసుకున్న డైవర్‌కు, సీసం ఒక్క కిలో కూడా లేకపోయినా, డైవ్ మొదట్లో ఈ రెండు భారాలూ ఒకేసారి పడతాయి. వదిలేయడానికి అతని దగ్గర ఏమీ ఉండదు. రెండు బ్లాడర్ల వింగ్ నిజంగా అవసరమయ్యేది ఇలాంటి వారికే.

ఓఎంఎస్ వంటి సంస్థలు చాలాకాలంగా అమ్ముతున్న ఈ వింగ్‌లలో ఒకే తొడుగు లోపల రెండు విడి సంచులు, వాటికి గాలి నింపే వేర్వేరు ఇన్‌ఫ్లేటర్లు, గాలి వదిలే వేర్వేరు డంప్ తాళ్లు ఉంటాయి. ఒకటి చిరిగితే రెండోది మొత్తం భారాన్ని మోస్తుంది, శరీరం అడ్డంగా నిలిచే తీరూ మారదు. ఈ విషయంలో దీనికి సాటి వచ్చేది లేదు. అయితే రెండో ఇన్‌ఫ్లేటర్ వాల్వ్ సన్నగా కారితే, డైవర్ గమనించేలోపే ఆ సంచి నిండి, అతన్ని కప్పుకు నొక్కిపెడుతుంది. ఆ కంగారులో ఏ డంప్ తాడు లాగాలో తడుముకోవలసి వస్తుంది. కనుక రెండో ఇన్‌ఫ్లేటర్‌కు గాలి గొట్టాన్ని తగిలించకుండా విడిగా ఉంచి, చేతికి అందేలా కట్టుకోవడమే మేలని నా అభిప్రాయం. గాలి ఎక్కడి నుంచి వస్తుందన్నదీ ముఖ్యమే. కప్పుకు రాసుకుంటూ ముందుకు సాగేటప్పుడు ఎడమ సిలిండర్ వాల్వ్ మూసుకునే వైపు తిరుగుతుంది కాబట్టి, ప్రధాన వింగ్‌కు కుడి వైపు రెగ్యులేటర్ (సిలిండర్ గాలి పీడనాన్ని తగ్గించి అందించే పరికరం) నుంచి, రెండోదానికి ఎడమ నుంచి గాలి అందేలా అమర్చుకోవాలి. రెండు సంచులనూ ఒకే రెగ్యులేటర్‌కు తగిలిస్తే, ఆ ఒక్కటీ మొరాయించినప్పుడు రెండు ఇన్‌ఫ్లేటర్లకూ గాలి అందదు. ఇక బరువూ నీటి ఒరిపిడీ పెరగడం తప్పదు. ప్రవాహం బలంగా ఎదురొచ్చే ఫ్లోరిడాలోని జిన్నీ స్ప్రింగ్స్‌లో ఆ తేడా కాళ్లకు బాగా తెలుస్తుంది.

ఫ్లోరిడాలో నీరు 22 డిగ్రీల దగ్గర ఉంటుంది. గంటల తరబడి డైవ్ చేసేవారు చలి తట్టుకోవడానికి ఎలాగూ డ్రైసూట్ వేసుకుంటారు గనుక, అక్కడ నేను దానినే రెండో ఆధారంగా ఎంచుకుంటాను. ఐదారు కిలోల వరకు అది ఇబ్బంది లేకుండా మోస్తుంది. అంతకు మించి నింపితే గాలి పాదాల వైపు పరుగెత్తి శరీరం తలకిందులవుతుంది కాబట్టి, ఉక్కు సిలిండర్ల మీద అదనపు స్టేజ్ సిలిండర్లు మోసేవారు దీనిని మాత్రమే నమ్ముకోరాదు.

లిఫ్ట్ బ్యాగ్‌ను గుహలో ఆధారంగా నేను సిఫారసు చేయను. దానిని పట్టుకోవడానికే ఒక చేయి పోతుంది, గాలిని కొద్దికొద్దిగా వదలడం కష్టం, ఇరుకైన చోట తాడు చిక్కుకుంటుంది.

యుకటాన్‌లో నీరు సుమారు 25 డిగ్రీలు, సిలిండర్లు ఎక్కువగా అల్యూమినియంవి. 80 ఘనపుటడుగుల ఆ సిలిండర్ ఖాళీ అయ్యేసరికి తేలుతుంది కనుక, పలుచని వెట్‌సూట్‌తో సైడ్‌మౌంట్ చేసేవారికి (సిలిండర్లను వీపున కాక పక్కల కట్టుకునేవారికి) చిన్న అదనపు బ్లాడర్ చాలు. కాకపోతే తీరానికి దగ్గరి గుహల్లో పైన మంచినీరు, కింద ఉప్పునీరు ఉంటాయి. ఉప్పునీటి నుంచి మంచినీటిలోకి వచ్చేటప్పుడు, డైవరూ సామగ్రీ కలిపి 100 కిలోలనుకుంటే, రెండున్నర కిలోల తేలే బలం తగ్గుతుంది. ఆ లెక్కను కలుపుకున్నాకే బ్లాడర్ పరిమాణం ఎంచుకోవాలి. కొన్న తరువాత, గుహలోకి వెళ్లకముందే, సిలిండర్లు నిండుగా ఉండగా లోతు తక్కువ నీటిలో ప్రధాన వింగ్‌ను పూర్తిగా ఖాళీ చేసి, రెండో ఆధారం ఒక్కదానితోనే పది నిమిషాలు కదలకుండా నిలవగలుగుతున్నారో లేదో చూసుకోవాలి.