జిమ్ స్టెరాయిడ్లు మింగేవాళ్ల లివర్‌కి ఏది మేలు: మిల్క్ థిసిలా, ఎన్‌ఏసీనా, యూడీసీఏనా?

బెంగళూరులోని మారతహళ్లి, బీటీఎం పీజీల్లో ఉండే మన కుర్రాళ్లలో జిమ్ పిచ్చి ముదిరినవాళ్లు కొందరు కండలు పెంచే డయానాబాల్, స్టానోజొలాల్ లాంటి స్టెరాయిడ్ మాత్రలు మింగుతూ, పక్కనే ఒక ‘లివర్ సపోర్ట్’ డబ్బా పెట్టుకుంటారు. ఆ డబ్బాలో ఏముంటే మేలు?

మిల్క్ థిసిల్ అనే మొక్కకి పేరు ఊరికే రాలేదు. దాని నుంచి తీసిన సిలిబినిన్‌ని యూరప్‌లో విషపు పుట్టగొడుగులు తిన్నవాళ్లకి నరానికి ఎక్కిస్తారు. క్యాప్సూల్‌గా మింగితే మాత్రం ఒంటికి పట్టేది తక్కువ. ఎన్‌ఏసీ (ఎన్-ఎసిటైల్ సిస్టీన్) అయితే పారాసిటమాల్ మోతాదు మించినప్పుడు ఇచ్చే అసలైన విరుగుడు. పారాసిటమాల్ లివర్‌ని కాపాడే గ్లూటాథయోన్ అనే పదార్థాన్ని ఖాళీ చేస్తుంది, ఎన్‌ఏసీ మళ్లీ నింపుతుంది. స్టెరాయిడ్ మాత్రలు చేసే ముఖ్యమైన చెడుపు అది కాదు. అవి పైత్యరసం పారకుండా అడ్డుపడతాయి. కామెర్లు, ఒళ్లంతా దురద అందుకే.

ఆ లెక్కన యూడీసీఏ (అర్సోడీఆక్సీకోలిక్ యాసిడ్), అదే కోవకు చెందిన టుడ్కా కాస్త నయం. రెండూ పైత్యరసంలో ఉండే ఆమ్లాలే. యూడీసీఏని డాక్టర్లు కొన్ని పైత్యనాళాల జబ్బులకు ఏళ్లుగా రాస్తున్నారు. మూడింట్లో ఒకటి ఎంచమంటే నేను దీన్నే అంటాను, అదీ డాక్టర్ చీటీ ఉంటేనే. స్టెరాయిడ్‌తో పాటు వేసుకుంటే లివర్‌కి ఏమీ కాదనడానికి దీనికీ గట్టి రుజువు లేదు.

ఇంటి నుంచి వచ్చే నేల ఉసిరి పొడి? వైరస్ కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకి వస్తుంది. అశ్వగంధ, మిరియాల సారం కలిపిన పసుపు క్యాప్సూళ్లయితే వాటివల్లే లివర్ దెబ్బతిన్న కేసులున్నాయి.

అసలు టెన్షన్ గుండెది. స్టెరాయిడ్ వల్ల హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) పడిపోతుంది, బీపీ పెరుగుతుంది, గుండె కండరం మందమవుతుంది. చేపనూనె రక్తంలోని ట్రైగ్లిజరైడ్లనే కొవ్వుని తగ్గిస్తుంది గానీ, పడిపోయిన హెచ్‌డీఎల్‌ని లేపలేదు. ఇక్కడ ఏ డబ్బా పనికిరాదు, స్టెరాయిడ్ మానాల్సిందే. మానాక సొంత టెస్టోస్టెరాన్ కోలుకోవడానికి నెలలు పట్టొచ్చు కాబట్టి ఎండోక్రైనాలజిస్టుని (హార్మోన్ల డాక్టర్‌ని) కలవాలి.

డబ్బా కొనే డబ్బుతో లివర్, లిపిడ్ (రక్తంలో కొవ్వు) పరీక్షలు చేయించుకోండి. బరువులెత్తిన మర్నాడు వెళ్తే, కండరాల్లోనూ ఉండే లివర్ ఎంజైములు ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ ఎలాగూ ఎక్కువే చూపిస్తాయి. కొన్ని రోజులు జిమ్ మానేసి వెళ్లండి, పైత్యరసం అడ్డుపడితే పెరిగే జీజీటీ, బిలిరుబిన్ కూడా చూడమనండి.

ఆస్తమాకో కీళ్లవాతానికో డాక్టర్ ఇచ్చిన ప్రెడ్నిసొలోన్ కూడా స్టెరాయిడే గానీ, అది వేరే రకం, దాని సంగతి వేరు. దాన్ని ఉన్నట్టుండి ఆపకూడదు. ఎముకల కోసం కాల్షియం, విటమిన్ డి గురించి డాక్టర్‌నే అడగండి. దగ్గుకని అతిమధురం మాత్రం కలపొద్దు, బీపీ పెరిగి పొటాషియం పడిపోతుంది.