మా కౌన్సిల్ వెబ్‌సైటు: పదేళ్ళు వాడాక

ఇంగ్లాండ్‌లో మేం ఉంటున్న ఊరి కౌన్సిల్ (మన మునిసిపాలిటీ లాంటిది) వెబ్‌సైటును 2014 నుంచి వాడుతున్నాను. మొదటి ఐదేళ్ళు పాతది, 2019 చివర్లో మొత్తం మార్చేశాక కొత్తది. మార్కులడిగితే ఐదుకి నాలుగివ్వాలనే ఉంది కానీ, పార్కింగ్ పర్మిట్ దగ్గర అర మార్కు తగ్గించాను. ఎందుకో తర్వాత చెబుతాను.

వచ్చిన కొత్తలో చెత్త ఏ రోజు తీసుకెళ్తారో చూద్దామని పాత సైటు తెరిచాను. పైన మేయర్ గారు రిబ్బన్ కత్తిరిస్తున్న ఫొటో, కింద కౌన్సిల్ శాఖల పేర్లు. ఏ పని ఏ శాఖ చేస్తుందో నాకేం తెలుసు? ‘రిఫ్యూజ్ కలెక్షన్’ అనే లింకు కళ్ళ ముందే ఉన్నా మూడుసార్లు దాటేసి పోయాను. రిఫ్యూజ్ అంటే కాదనడమనే నాకు తెలుసు, అదే స్పెల్లింగుకి చెత్త అనే అర్థం కూడా ఉందని అప్పటిదాకా తెలీదు. చివరికి ఒక పీడీఎఫ్ క్యాలెండర్ దొరికింది. అందులో ఊరిని రంగుల వారీగా జోన్లు చేశారు. మా వీధి ఏ జోనో తెలియాలంటే ఇంకో పీడీఎఫ్ చూడాలి. విసుగొచ్చి ఆ నెలంతా పక్కింటావిడ ఏ రంగు బిన్ బయటపెడితే మేమూ అదే పెట్టాం.

ఇప్పుడు పోస్ట్‌కోడ్ కొట్టి ఇంటి నంబర్ ఎంచుకుంటే చాలు, వచ్చే తేదీలన్నీ బిన్ రంగుతో సహా కనిపిస్తాయి. బిన్ తీసుకెళ్ళలేదని ఫిర్యాదు చేయబోతే, ఫారం మొదలవకముందే ‘మీ వీధికి ఈ రోజు బండి ఆలస్యం, బిన్ బయటే ఉంచండి’ అని చెప్పేస్తుంది. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. లేకపోతే ఆ వీధిలో పది ఇళ్ళవాళ్ళం పది ఫారాలు నింపేవాళ్ళం.

ఇందులో నా చెయ్యి కూడా కాస్త ఉంది. 2019లో లైబ్రరీలో ‘కొత్త సైటు పరీక్షించడానికి రండి, 20 పౌండ్ల వోచర్ ఇస్తాం’ అని కాగితం అంటిస్తే వెళ్ళాను. ఒకమ్మాయి పక్కన కూర్చుని, ‘మీరు ఇల్లు మారారనుకోండి, ఏం చేస్తారో పైకి మాట్లాడుతూ చేయండి’ అంది. నేను తప్పు చోట నొక్కి సారీ చెబితే, ‘పరీక్ష మీకు కాదు, సైటుకి’ అని నవ్వింది. తర్వాత ఒక కట్ట కార్డులిచ్చి కలిసేవన్నీ కుప్పలు పెట్టమంది. కౌన్సిల్ టాక్స్ (మన ఇంటి పన్ను లాంటిది), ఓటరు నమోదు, పార్కింగ్ పర్మిట్, బిన్లు అన్నీ ‘ఇల్లు మారినప్పుడు’ అనే ఒకే కుప్పలో వేశాను. కౌన్సిల్లో అవి నాలుగు వేరే శాఖల పనులట. కొత్త సైటులో ‘ఇల్లు మారుతున్నారా?’ అనే పేజీ కనబడితే నాకెంత గర్వమో! మిగతా వాళ్ళూ అదే కుప్ప పెట్టి ఉంటారనుకోండి.

ఆ పేజీ వల్లే ఇంకో సంగతి తెలిసింది. ఇక్కడ నివాసముండే భారతీయులు కామన్వెల్త్ పౌరులు కాబట్టి ఓటు నమోదు చేసుకోవచ్చు, బ్రిటిష్ పాస్‌పోర్ట్ అక్కర్లేదు. ఐదేళ్ళు ఈ ఊళ్ళో పన్ను కడుతూ ఓటు లేదనుకునే బతికాం.

భాష కూడా తేలికైంది. ఇక్కడి కేంద్ర ప్రభుత్వం 2012లో గవ్ డాట్ యూకే అనే తన సైటు పెట్టింది. అందులో తొమ్మిదేళ్ళ పిల్లలు కూడా చదవగలిగేలా రాయాలనేది వాళ్ళ పద్ధతి. కౌన్సిళ్ళు చాలావరకు ఆ బాటే పట్టాయి. తేలిక అంటే తీపి మాటలు కాదు. మా మామగారికి ఆపరేషన్ అయినప్పుడు మా ఆయన నాలుగు నెలలు విజయవాడలో ఉండిపోయారు. ఇంట్లో పెద్దవాళ్ళు ఒక్కరే ఉంటే కౌన్సిల్ టాక్స్‌లో 25 శాతం తగ్గింపు ఉంది కదా అని సైటులో అడగబోయాను. రెండో ప్రశ్నే ‘వెళ్ళినవారు తిరిగి వస్తారా?’ అవునన్నాను. ‘అయితే మీకు వర్తించదు’ అంది. అంతే, ఒక్క నిమిషం. పాత సైటులో అయితే నాలుగు పేజీల ఫారం నింపి, నెల తర్వాత ఉత్తరంలో అదే జవాబు చదువుకునేదాన్ని.

మా దగ్గర రెండంచెల పాలన. చెత్త ఎత్తడం ఊరి కౌన్సిల్ పని, స్కూళ్ళూ రోడ్లూ కౌంటీ (మన జిల్లా లాంటిది) కౌన్సిల్ పని. కానీ రోడ్డు మీద గుంత చూసినవాడికి ఈ లెక్క ఎందుకు? పాత సైటు ‘ఇది మా పరిధి కాదు’ అని ఊరుకునేది. పాపకి ప్రైమరీ స్కూల్ దరఖాస్తు పెట్టేటప్పుడు, జనవరి 15 గడువు ముంచుకొస్తుంటే, ఎవరిని అడగాలో తెలియక ఎంత టెన్షన్ పడ్డానో. ఇప్పుడు ఇలాంటి ప్రతి పనికీ ఒక చిన్న పేజీ పెట్టి, నేరుగా కౌంటీ ఫారానికే పంపిస్తున్నారు.

ఇక పార్కింగ్ పర్మిట్. అక్కడ ‘మొదలుపెట్టండి’ నొక్కగానే వేరే కంపెనీ సైటుకి వెళ్ళిపోతాం. రంగు వేరు, అక్షరాలు వేరు, లాగిన్ వేరు. వీధి అరుగు మీద కబుర్లు చెబుతున్నవాళ్ళు ఒక్కసారిగా ముఖం తిప్పేసుకున్నట్టుంటుంది. చిరునామాకి రుజువుగా కౌన్సిల్ టాక్స్ బిల్లు అప్‌లోడ్ చేయమంటారు. కౌన్సిల్ ఇచ్చిన బిల్లునే ఫొటో తీసి మళ్ళీ కౌన్సిల్‌ పనికే పంపాలన్నమాట! కారు లాగ్‌బుక్ (మన ఆర్‌సీ లాంటిది) వెతికి తెచ్చేలోపు సెషన్ అయిపోయి మొదటికొచ్చింది. ఒకసారి కాదు, ప్రతి ఏడాదీ ఇంతే. ముందు గది బాగుచేసి వంటిల్లు అలాగే వదిలేశారు. కొత్త డిజైన్ వచ్చిందని మురిసిపోయేవాళ్ళు ముందు ఈ పర్మిట్ ఒక్కసారి తీసి చూడాలి.

ఫోన్ నంబర్‌ని కూడా లోపలికి తోసేశారు. ‘సంప్రదించండి’ నొక్కితే చాట్‌బాట్ వస్తుంది. సోఫా తీసుకెళ్ళడానికి ఎంతవుతుందని అడిగితే లైబ్రరీ వేళలు చెప్పింది. మా పక్కింటావిడకి ఎనభై దాటాయి, కంప్యూటర్ లేదు. ఇదివరకు ఫోన్ చేసి తన పనులు తనే చేయించుకునేవారు. ఇప్పుడు పాత మంచం పారేయాలన్నా నన్ను పిలుస్తారు. నాకు కష్టమేమీ లేదు, ఆవిడకే నామోషీగా ఉంటుంది. జనం అవసరాలు చూసి కట్టామంటున్న సైటు ఆవిడని ఏ లెక్కలో వేసిందో!

అమ్మ సంగతి వేరు. 2022లో తెనాలి నుంచి వచ్చి ఐదు నెలలుంది. బిన్లు బయటపెట్టే పని తనే తీసుకుంది. ప్రభుత్వ వెబ్‌సైట్లు వికలాంగులతో సహా అందరూ వాడుకునేలా ఉండాలని ఇక్కడ 2018లో నిబంధనలొచ్చాయి. బహుశా దాని పుణ్యమే, పీడీఎఫ్‌లు పోయి మామూలు పేజీలయ్యాయి. వాటిని అమ్మ ఫోన్ తెలుగులోకి మార్చేస్తుంది. మెషిన్ తెలుగే అయినా, తేలిక ఇంగ్లిష్ కాబట్టి అర్థమయ్యేలా వస్తుంది. బిన్ల పేజీకి లాగిన్ అక్కర్లేదు, పోస్ట్‌కోడ్ ఉంటే చాలు. అమ్మ తెనాలి వెళ్ళిపోయినా ఆ పేజీ తన ఫోన్లో అలాగే ఉంది. మంగళవారం రాత్రి ఫోన్ చేసి, ‘రేపు బ్రౌన్ బిన్నే, పోయిన వారంలా నల్లది పెట్టకు’ అంటుంది.